క్వారీ వీధిలో మొదటి కోత

మే నెల సగానికి వచ్చేసరికి క్వారీ వీధిలో గడ్డి పిక్కల దాకా పెరిగింది. ఆ వీధిలో ఇలాంటి అప్రతిష్ఠ మునుపెన్నడూ జరగలేదు.

విస్కాన్సిన్‌లోని ఆ చిన్న ఊళ్ళో మనిషి గుణాన్ని తూచడానికి రెండే చోట్లు, చర్చి ఒకటి, లాన్ ఒకటి. చర్చిలో వారానికి ఒక గంట మంచిగా కనబడితే సరిపోతుంది. లాన్ అలా కాదు, రాత్రింబవళ్ళు వీధిలోనే పడి ఉంటుంది. పశువు మేయని, మనిషి తినని ఆ పంటకు ఎరువు వేసి, నీళ్ళు పెట్టి, తీరా అది పెరిగితే కోపం తెచ్చుకుని కోసి పారెయ్యడం అక్కడి మగవాళ్ళకు వసంతం మొదలు ఉండే పెద్ద బాధ్యత. ఎవరి ఇంటి ముందైనా గడ్డి పెరిగిపోతే ఎవరూ పల్లెత్తు మాట అనరు. "పాపం, ఈ మధ్య అతనికి తీరిక ఉన్నట్టు లేదు" అంటారు. అంతకంటే పెద్ద తిట్టు వాళ్ళ దగ్గర లేదు.

అలాంటి వీధిలో ఈసారి గడ్డి కోసే మెషిన్ ఒక్కటి కూడా గ్యారేజ్ దాటి బయటకు రాలేదు. కాలిబాట అంచున మొలిచే పోచల్ని కత్తెరతో కత్తిరించే వెర్లిన్ క్రూగర్ కూడా రోజూ సాయంత్రం జేబుల్లో చేతులు పెట్టుకుని నిలబడి, తన లాన్ తన కళ్ళ ముందే అడవి అవుతుంటే చూస్తూ ఊరుకున్నాడు. పక్కింటి ఆర్డిస్ టెష్ వంటింటి కిటికీలోంచి అతన్ని చూసి, వీళ్ళందరికీ ఈ ఏడు బద్ధకం ఎందుకు వచ్చిందా అనుకుంది. ఆలోచన అంతవరకే. ఆమె కళ్ళు మళ్ళీ తన లాన్ మధ్యనున్న గీత మీదికి పోయాయి.

ఆర్డిస్ కంటి డాక్టరు దగ్గర ఫోన్లెత్తే పనిలో ఉండి రిటైరైన మనిషి. ఆ గీత ఆమె భర్త లైల్ వదిలి వెళ్ళినది.

అక్టోబరులో ఒక శనివారం లైల్ ఆ ఏడాదికి ఆఖరి కోత మొదలుపెట్టాడు. కారు దారి పక్క నుంచి కోసుకుంటూ సగం దాకా వచ్చాడు. గుండెల్లో మంటగా ఉంది, కాఫీ ఎక్కువైనట్టుంది అన్నాడు. మెషిన్ అక్కడే ఆపి, మెట్ల మీద కూర్చుని, బూటు లేసు విప్పుకోసాగాడు. ఆర్డిస్ లోపలికి వెళ్ళి మాత్ర తెచ్చేసరికి ఒక బూటు విప్పి ఉంది.

సాయంత్రం ఆమె ఆసుపత్రి నుంచి వచ్చేసరికి మెషిన్ గ్యారేజ్‌లో ఉంది. ఎవరు పెట్టారో ఎవరూ చెప్పలేదు. మర్నాటి నుంచి ఇరుగుపొరుగు ఇళ్ళలో ఓవెన్‌లో వండిన క్యాసరోల్‌లు గిన్నెలతో సహా రావడం మొదలైంది. ఆ ఊళ్ళో దుఃఖానికి ఒకటే మందు, బంగాళాదుంపలు, డబ్బా సూపు, పైన చీజ్. పోయినవాడు ఎంత మంచివాడైతే చీజ్ అంత మందంగా ఉంటుంది. ఆ లెక్కన లైల్ మహానుభావుడు. ప్రతి గిన్నె అడుగునా టేపు అంటించి ఇంటి పేరు రాసి ఉంది, దుఃఖం తీరాక గిన్నెలు తారుమారు కాకుండా.

తర్వాత మంచు కురిసి అన్నింటినీ కప్పేసింది. ఏప్రిల్‌లో కరిగి చూస్తే గీత అలాగే ఉంది. లైల్ కోసిన సగం పొట్టిగా, నున్నగా, అప్పుడే పచ్చబడుతోంది. కోయని సగం మంచు బరువుకు పడుకుని, ఎండుగడ్డి రంగులో, దువ్వని జుట్టులా ఉంది. రెండింటి మధ్యా గీత తిన్నగా, స్కేలు పెట్టి గీసినట్టు. లైల్ జీవితంలో తిన్నగా చేసిన పనులు చాలా తక్కువ. వంటింట్లో అతను బిగించిన అర మీద యాపిల్ పెడితే దొర్లి కింద పడేది. మెషిన్ నడిపేటప్పుడు మాత్రం ఏ దేవుడు పూనేవాడో.

ఆర్డిస్ రోజూ పొద్దున్నే కాఫీ పట్టుకుని కిటికీ దగ్గర నిలబడేది. ఇటువైపు లైల్ కోసినది. అటువైపు కోయవలసినది. అక్కడ ఒక మనిషి ఇప్పుడే పని ఆపి లోపలికి వెళ్ళాడని, ఏ క్షణమైనా మళ్ళీ బయటకు రావచ్చని ఆ గీత చెబుతున్నట్టుండేది. ఆమె పిచ్చిది కాదు, రాడని తెలుసు. అయినా ఆ గీత మీద ఎవరి చక్రమూ పడనివ్వకూడదని నిశ్చయించుకుంది. ఈ సంగతి క్వారీ వీధిలో ఎవరికీ చెప్పుకునేది కాదు. లాన్ మీద ప్రేమంటే అక్కడ అందరికీ అర్థమవుతుంది. కోయని లాన్ మీద ప్రేమంటే చర్చి ఫాదర్‌ని పంపిస్తారు.

అందుకే వెర్లిన్ భార్య ఫెర్న్ రూబార్బ్ అనే పుల్లటి కాడలతో చేసిన తీపి బిళ్ళలు పట్టుకుని వచ్చినప్పుడు ఆర్డిస్ జాగ్రత్తపడింది.

"వానలు బాగానే పడ్డాయి కదే ఈసారి," అంది ఫెర్న్ కుర్చీ లాక్కుంటూ.

"పడ్డాయి."

"అన్నీ ఏపుగా ఎదిగాయి."

"ఎదిగాయి."

"కొన్నయితే మరీ ఏపుగా."

ఆర్డిస్ ఒక బిళ్ళ కొరికింది. "పంచదార కాస్త తగ్గినట్టుందే."

ఫెర్న్ మూతి ముడుచుకుంది. "లైల్‌కి ఈ పాళ్ళే ఇష్టం."

"లైల్ మాటకేం, ఏది పెట్టినా ఇష్టమే. ఓసారి దుకాణంలో కుక్క బిస్కట్లు గిన్నెలో పెడితే రుచి చూడ్డానికేమో అనుకుని మూడు తిన్నాడు. బాగున్నాయని ఇంకోటి నాకోసం జేబులో వేసుకొచ్చాడు."

ఇద్దరూ నవ్వారు. నవ్వు అయిపోయాక చెయ్యడానికేమీ లేక కాఫీ తాగారు.

"మా ఆయనకి వారం నుంచి చేతులు దురద పెడుతున్నాయే," అంది ఫెర్న్ కప్పులోకి చూస్తూ. "నువ్వు ఊఁ అంటే..."

"దేనికి ఊఁ అనాలి?"

"అదే... ఏదో ఒకదానికి."

"దురదైతే డాక్టర్‌కి చూపించమను. మన వయసులో అలాంటివి వదిలెయ్యకూడదు."

ఫెర్న్ వెళ్ళిపోయింది. చెప్పవలసినదంతా కుండబద్దలు కొట్టినట్టు చెప్పానని ఆమె నమ్మకం. వెర్లిన్‌కి తన గీత మీద కన్ను పడిందని ఆర్డిస్ నమ్మకం. మంచితనం ముదిరితే మనుషులు ఎంతకైనా తెగిస్తారు. నువ్వు పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళి వచ్చేలోపు లాన్ మొత్తం కోసేసి, పైగా నీ కృతజ్ఞత కోసం కంచె దగ్గర కాచుకుని ఉంటారు. ఆ రోజు నుంచి ఆర్డిస్ పాలూ రొట్టే కొనడానికి కూడా హడావిడిగా వెళ్ళి హడావిడిగా వచ్చేది.

గురువారం టౌన్ ఆఫీసు నుంచి పావ్లక్ అనే ఆయన వచ్చాడు. చేతిలో కొలబద్ద ఉంది. ఇంత చదువు చదివి గడ్డి కొలుస్తున్నానన్న బాధ ముఖంలో ఉంది.

"మిసెస్ టెష్ గారూ, ఏమీ అనుకోకండి. ఊరి రూలు ప్రకారం గడ్డి ఎనిమిది అంగుళాలు దాటకూడదండి."

"నాది ఎంతుంది?"

"మీరు ఏ సగం అడుగుతున్నారు?"

ఆర్డిస్ వీధికేసి చెయ్యి చూపించింది. "వీధంతా ఇలాగే ఉంది కదా. ముందు వాళ్ళనడగండి."

"అడిగానండి. ఒకాయన అడుగున తడి అన్నాడు. ఒకాయన మోకాలు నొప్పి అన్నాడు. మూల ఇంటాయన 'చూద్దాం' అన్నాడు. తమాషా ఏమిటంటే, ఆ మాట అన్నాక ప్రతివాడూ మీ ఇంటికేసి చూశాడు. చివరికి ఒకావిడ, 'ఆర్డిస్‌ని అడగండి, మాదేముంది' అంది."

"నన్నా? వాళ్ళ గడ్డితో నాకేం సంబంధం?"

"అదే నాకూ అర్థం కాలేదండి." పావ్లక్ కొలబద్ద చంకలో పెట్టుకున్నాడు. "సోమవారం దాకా ఆగుతాను. ఆ తర్వాత ఊరి ట్రాక్టర్ వస్తుంది. ఈ చివర నుంచి ఆ చివరకు ఒకే ఊపులో కోసుకుంటూ పోతుంది. దానికి ఎవరి ఇల్లు ఏదో పట్టదు."

ఆయన వెళ్ళాక ఆర్డిస్ కాసేపు గుమ్మంలోనే నిలబడింది. వెర్లిన్‌ని ఆపగలదు. ఫెర్న్‌ని పంచదార పేరు చెప్పి పంపగలదు. ట్రాక్టర్‌తో ఏం మాట్లాడుతుంది? అది వస్తుంది, ఒక రోడ్డు మీద నడిచినట్టు లైల్ గీత మీద నడిచి, పక్కింటి వైపు వెళ్ళిపోతుంది. దాన్ని తోలేవాడికి లైల్ పేరు కూడా తెలియదు.

ఆమె చెప్పులు వేసుకుని సరాసరి వెర్లిన్ గ్యారేజ్‌కి వెళ్ళింది. వెర్లిన్ మెషిన్ బోర్లించి బ్లేడ్ నూరుతున్నాడు. అప్పటికే దాంతో గడ్డం గీసుకోవచ్చు.

"వెర్లిన్, నీ గడ్డి ఎందుకు కొయ్యలేదు?"

"తడిగా ఉంది."

"వాన పడి వారం దాటింది."

"అడుగున తడి."

"వీధి మొత్తం అడుగున తడేనా? పావ్లక్‌ని నా దగ్గరికి పంపింది ఎవరు? నేనేమైనా మీ మెషిన్ల తాళాలు దాచుకున్నానా?"

వెర్లిన్ బ్లేడ్ మీద బొటనవేలు ఆనించి చూసుకున్నాడు. మాట్లాడడం అతనికి పన్ను పీకించుకోవడం లాంటిది. చివరికి తప్పదని తెలిసి కూడా వీలైనంత వాయిదా వేస్తాడు.

"లైల్ కోశాకే కదమ్మా మేమంతా కోసేది," అన్నాడు.

నిజమే. ప్రతి వసంతంలోనూ లైల్ ఒక శనివారం పొద్దున బయటకు వచ్చి, మడమతో నేలను నొక్కి చూసి, ఆకాశం వైపు ఏదో తెలిసినవాడిలా చూసి, మెషిన్ తీసేవాడు. అతను రెండు వరసలు కోసే సరికి వీధిలోని గ్యారేజ్ తలుపులన్నీ లేచేవి. అది యాదృచ్ఛికమని ఆమె ఇన్నాళ్ళూ అనుకుంది. ఎవరూ పెట్టిన నియమం కాదది. ఎవరైనా పెట్టి ఉంటే మీటింగ్ పెట్టి మార్చేవారు. ఎవరూ పెట్టలేదు కాబట్టి మార్చే అధికారం ఎవరికీ లేకుండా పోయింది.

"లైల్ లేడు కదా వెర్లిన్."

"అదే చిక్కు."

"అయితే ఈసారి నువ్వు మొదలుపెట్టు."

"నేనా?" తనను లైల్ కోటు తొడుక్కుని చర్చికి రమ్మన్నట్టు చూశాడతను. "బాగుండదమ్మా. ఎప్పుడు పోతాడా, ఎప్పుడు ముందు కోద్దామా అని కాచుకు కూర్చున్నట్టుండదూ?"

"ఎవరనుకుంటారలా?"

"నేనే అనుకుంటాను."

ఆర్డిస్ తలుపు చెక్కకి ఆనుకుంది. "ఈ ముక్క నాతో చెప్పొచ్చు కదయ్యా. నెల రోజుల నుంచి మీ అందరి గడ్డీ నా తలకు చుట్టి తిరుగుతున్నారు."

"ఏమని చెప్పను? నీ మొగుడు పోయాడు, కాస్త తొందరగా గడ్డి కోసుకో, మా అంచులు పాడైపోతున్నాయి అనా? ఫెర్న్‌ని పంపాను కదా. అంతా వివరంగా చెప్పేశానంది."

"దురద అని చెప్పింది."

"మరి?"

బయట ఎవరిదో కుక్క మొరిగి ఊరుకుంది. ఆర్డిస్ కంఠం తగ్గించింది. "నాకు కొయ్యబుద్ధి కాలేదు వెర్లిన్. అక్కడ మధ్యలో..."

"చూశాను."

"ఆ రోజు మెషిన్ లోపల పెట్టింది నువ్వేనా?"

"దారికి అడ్డంగా ఉందమ్మా." మెషిన్ ఆ రోజు లాన్ నడిమధ్యలో ఉంది. పక్షులకు తప్ప ఎవరికీ అడ్డం కాదు. "మిగతా సగం అప్పుడే కోసేద్దామనుకున్నాను. స్టార్ట్ చేసే తాడు పట్టుకున్నాను కూడా. చెయ్యి ఆడలేదు."

"కోసి ఉంటే నిన్ను చంపేసేదాన్ని."

"తెలుసు," అని వెర్లిన్ మళ్ళీ బ్లేడ్ నూరడం మొదలుపెట్టాడు. అతని లెక్కలో ఆ ఏడాదికి సరిపడా మాటలు అయిపోయాయి.

శనివారం పొద్దున ఆర్డిస్ గ్యారేజ్ తలుపు ఎత్తింది. ఎవరో ఒకరి చేతుల్లో ఆ గీత పోవడం ఖాయం. పావ్లక్ ట్రాక్టర్ కంటే తన చెయ్యే నయం. మిగిలిన సగం కోస్తే లైల్ పని పూర్తి చేసినట్టైనా ఉంటుంది. ఆ మాట తనకు తానే చాలాసార్లు చెప్పుకుంది, కానీ నమ్మకం పూర్తిగా కుదరలేదు.

ట్యాంకులో తాజా పెట్రోలు ఉంది. అది ఎవరు, ఎప్పుడు పోశారని అడిగితే ఈ వీధిలో ఎవరికీ తెలియదంటారు. ఆమె మెషిన్‌ని కోయని సగం అంచుకు ఈడ్చుకెళ్ళి, తాడు పట్టుకుని లాగింది. కిర్రుమంది. మళ్ళీ లాగింది. కిర్రు. ఇన్నేళ్ళ కాపురంలో లైల్ ఆమెను ఈ మెషిన్ ముట్టుకోనివ్వలేదు. "ఇది నీకు లొంగదే," అనేవాడు, అదేదో అడవి గుర్రమైనట్టు. ఎలా లొంగుతుందో చెప్పి పోవచ్చు కదా అని ఆమెకు ఒళ్ళు మండింది. ఆ మంటతో ఇంకోసారి లాగింది. భుజం పట్టేసింది గానీ మెషిన్ పలకలేదు.

అప్పటికి వీధిలో అందరికీ బయట అత్యవసరమైన పనులు పడ్డాయి. ఒకాయన పోస్టు డబ్బా తుడుస్తున్నాడు. ఒకావిడ నిన్ననే నీళ్ళు పెట్టిన కుండీలకు మళ్ళీ నీళ్ళు పెడుతోంది. మూల ఇంటాయన నిచ్చెన ఎక్కి గోడ మీద ఏమీ లేని చోటును పరీక్షిస్తున్నాడు. ఒక్కరూ ఆర్డిస్ వైపు చూడలేదు. అంత మంది అంత శ్రద్ధగా చూడకుండా ఉండడం ఎంత భారమో చూడబడనివాళ్ళకే తెలుస్తుంది.

దగ్గరికి వచ్చి ఇలా పట్టుకో అని చెప్పొచ్చు. కానీ అడగకుండా ఒక విధవరాలికి ఆమె మెషిన్ గురించి పాఠం చెప్పడం క్వారీ వీధిలో మర్యాద కాదు. అందుకని వెర్లిన్ తన మెషిన్ బయటకు తోసుకొచ్చాడు. పొరపాటున స్టార్టయి తనది మొదటి కోత అయిపోకుండా ముందే స్పార్క్ ప్లగ్ తీగ లాగేశాడు. ఆర్డిస్‌కి కనబడేలా నిలబడి, పిడి దగ్గరున్న ఇనప కడ్డీని ఎడమ చేత్తో పిడికి అదిమి పట్టాడు. కడ్డీని అందరికీ చూపించినట్టు ఒకసారి వదిలి, మళ్ళీ అదిమాడు. అప్పుడు తాడు లాగాడు. ఏమీ జరగలేదు. తృప్తిగా తలూపి మళ్ళీ మొదటి నుంచి చేశాడు.

"ఏం చేస్తున్నావయ్యా?" అని ఫెర్న్ వరండాలోంచి అరిచింది.

"ఏం లేదు. తాడు ఎలా ఉందో చూస్తున్నా."

అది చూసి ఎదురింటాయన కూడా తన మెషిన్ తెచ్చి తాడు చూసుకోసాగాడు. మూల ఇంటాయన నిచ్చెన దిగాడు. కాసేపటికి వీధి పొడుగునా పెద్దమనుషులు కడ్డీలు అదుముతూ, వదులుతూ, తాళ్ళు లాగుతూ, ఒక్క మెషినూ మోగకుండా కసరత్తు చేశారు.

ఆర్డిస్‌కి నవ్వు వచ్చింది. అక్టోబరు తర్వాత అలాంటి నవ్వు అదే మొదటిది. దాన్ని మింగి, కడ్డీని పిడికి అదిమి, తాడు లాగింది. మెషిన్ పెద్దగా దగ్గి, నల్లటి పొగ వదిలి, గర్జించింది.

వీధిలో కసరత్తు ఆగిపోయింది.

ఆమె కోసింది. పడుకున్న గడ్డి బ్లేడ్‌కి చుట్టుకుంటుంటే మొండిగా తోసింది. వరసలు లైల్ వరసల్లా రాలేదు. మధ్య మధ్య కుచ్చులు మిగిలాయి, అక్కడక్కడ నేల కనబడింది. ఒక్కొక్క వరసా గీతకి దగ్గరవుతోంది. ఆఖరి వరస ముందు ఆగి ఊపిరి తీసుకుంది. తర్వాత గీత పక్కనే, దాన్ని తాకకుండా, చక్రం నడిపించింది.

చివర తిరిగి చూస్తే గీత పోలేదు. తిరగబడింది. నిన్నటిదాకా పొట్టిగా ఉన్న లైల్ సగం ఇప్పుడు ఎత్తుగా, పచ్చగా ఉంది. పొడుగ్గా ఉన్న సగం నేలకు అంటుకుని, గోధుమరంగులో ఉంది. అతను చక్కగా కోసి వెళ్ళిన గడ్డి ఈ వసంతమంతా పెరుగుతూనే ఉందని ఆమె ఎందుకు చూడలేదో. రోజూ కాఫీతో నిలబడి ఏం చూసింది? అక్కడ అతను కోసిన గడ్డి ఎప్పుడో అయిపోయింది. ఉన్నదంతా అతను పోయాక మొలిచినదే.

ఆర్డిస్ కడ్డీ వదిలేసింది. మెషిన్ ఆగింది.

వెర్లిన్ కంచె దాకా వచ్చాడు. అతని వెనక వీధి మొత్తం చెవులు రిక్కించింది.

"ఆర్డిస్," అన్నాడు గొంతు సవరించుకుని. "అంటే... సగం కోస్తే, కోసినట్టేనా?"

ఆమె అతన్ని చూసింది. వీధి చివర దాకా తాళ్ళు పట్టుకుని నిలబడిన మనుషుల్ని చూసింది. వాళ్ళలో ఒక్కరూ గడ్డి గురించి ఒక్క మాట కూడా తనతో అనలేదు. తన కోసం వీధంతా పరువు పోగొట్టుకుంది.

"కోసినట్టే," అంది. "కానివ్వండి ఇంక. పావ్లక్ గుండె ఆగిపోయేలా ఉన్నాయి మీ ఇళ్ళు."

స్పార్క్ ప్లగ్‌ల తీగలు ఎక్కాయి. ఒకటి, తర్వాత ఇంకొకటి, తర్వాత లెక్క తెలియకుండా మెషిన్లన్నీ మోగాయి. కిటికీ అద్దాలు వణికాయి. ఆర్డిస్ కూడా తన మెషిన్ స్టార్ట్ చేసింది, కడ్డీ గట్టిగా పట్టుకుంది, కానీ కదల్లేదు. గీత ముందు నిలబడి ఏడ్చింది. చావు రోజున, చర్చిలో, స్మశానంలో, క్యాసరోల్‌ల ముందు ఏడవనంత గట్టిగా, నోరు తెరిచి, శబ్దం చేస్తూ ఏడ్చింది. ఆ వీధిలో ఆ పనికి అంతకంటే మంచి సమయం దొరకదు. పక్కనే బాంబు పడినా వినబడదు.

వెర్లిన్ తన సరిహద్దు వరస కోసుకుంటూ ఆమె పక్కకి వచ్చాడు. ఆగాడు, మెషిన్ మాత్రం ఆపలేదు. ఆమె ముఖంకేసి చూడకుండా, ముందుకు చూస్తూ, మాట్లాడసాగాడు. అతను అంతసేపు మాట్లాడడం ఆమె ఎన్నడూ చూడలేదు. ఒక్క ముక్క వినబడలేదు. పెదవుల మీద లైల్ పేరు రెండుసార్లు, కాదు మూడుసార్లు కనబడింది. ఒకచోట మాట ఆపి, బూటు వైపు చూసి, మళ్ళీ మొదలుపెట్టాడు.

అతను ముగించాక ఆర్డిస్ కూడా చెప్పింది. ఆ పొద్దున మాత్ర కోసం తాను సొరుగులన్నీ వెతికిన సంగతి, అది కళ్ళముందే బల్ల మీద ఉన్న సంగతి, ఇంతవరకూ ఎవరికీ చెప్పనిది, మొత్తం గొంతెత్తి చెప్పింది. వెర్లిన్ ప్రతి మాటా వింటున్నట్టు తలూపాడు.

కడ్డీ వదిలితే మాట వినబడుతుందని ఇద్దరికీ తెలుసు. ఇద్దరూ వదల్లేదు.

తర్వాత వెర్లిన్ టోపీ సర్దుకుని తన వరసలోకి వెళ్ళిపోయాడు. ఆర్డిస్ మోచేత్తో ముఖం తుడుచుకుని, మెషిన్ తిప్పి, లైల్ సగంలోకి తోసింది.